మేనేజర్ కుర్చీ ఖాళీ అయింది: ఎవరు వస్తే మన క్లబ్బుకు మేలు?

ఫుట్‌బాల్ క్లబ్బులో మేనేజర్‌ను, అంటే జట్టును నడిపే కోచ్‌ను తీసేశారన్న వార్త వచ్చిన అరగంటలో వాట్సాప్ గ్రూపులో పది పేర్లు వచ్చి పడతాయి. ఒకరు పాత హీరోనే తెమ్మంటారు. ఒకరికి కప్పులు గెలిచిన పెద్దాయనే కావాలి. ఇంకొకరు పోర్చుగల్‌లోనో నెదర్లాండ్స్‌లోనో దుమ్ము లేపుతున్న కుర్ర కోచ్ వీడియోలు పంపిస్తూనే ఉంటారు. తెల్లారేసరికి గ్రూపు మూడు ముక్కలవుతుంది. ఎవరి మాట సరైనదో తేల్చుకోలేని వాళ్లకే అసలు టెన్షన్. ఈ వ్యాసం వాళ్ల కోసం.

నేను ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆడే మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. 26 ఏళ్లకు పైగా క్లబ్బును నడిపిన సర్ అలెక్స్ ఫెర్గూసన్ 2013 మేలో తప్పుకున్నారు. అప్పటి నుంచి 2024 నవంబర్ దాకా ఆ కుర్చీలో మోయ్స్, వాన్ గాల్, మౌరీన్యో, సోల్‌షేర్, రాంగ్నిక్, టెన్ హాగ్, అమోరిమ్ వరసగా కూర్చున్నారు. అదే లీగ్‌లో పేరు తెచ్చుకున్నవాడు, మహామహులు, పాత హీరో, తాత్కాలికంగా వచ్చినవాడు, బయటి లీగ్ నుంచి ఎదుగుతున్నవాడు... దాదాపు ప్రతి రకాన్నీ మా క్లబ్బు పరీక్షించి చూసింది. అందుకే ఎక్కువ ఉదాహరణలు అక్కడివే ఉంటాయి. లెక్క మాత్రం మీది ఏ క్లబ్బయినా పనికొస్తుంది.

పేర్లకు ముందు చూడాల్సినవి

ఉన్న ఆటగాళ్లకు అతని పద్ధతి సరిపోతుందా? నా దృష్టిలో మిగతావన్నీ దీని తర్వాతే. 2024లో ఒకే ఏడాది రెండు పెద్ద క్లబ్బులు కొత్త మేనేజర్లను తెచ్చుకున్నాయి. లివర్‌పూల్ ఫెయెనూర్డ్ నుంచి ఆర్నే స్లాట్‌ను తెచ్చింది. యునైటెడ్ స్పోర్టింగ్ లిస్బన్ నుంచి రూబెన్ అమోరిమ్‌ను తెచ్చింది. ఇద్దరూ తమ దేశంలో లీగ్ గెలిచినవాళ్లే, ఇద్దరూ కుర్రకారుతో మంచి ఆట ఆడించినవాళ్లే.

స్లాట్‌కు అంతకుముందు మేనేజర్ క్లాప్ తయారుచేసిన జట్టు అలాగే దొరికింది. ఆ సీజన్‌లో ఆడేందుకు కొత్తగా వచ్చింది ఫెడెరికో కియేసా ఒక్కడే. మిడ్‌ఫీల్డ్ వెనక భాగంలో ఆడటానికి స్పెయిన్ ఆటగాడు జుబిమెండీని అడిగితే అతను రానన్నాడు. అప్పుడు స్లాట్ బెంచీ మీద ఎక్కువ కాలం గడిపిన గ్రావెన్‌బెర్ఖ్‌ను ఆ చోట నిలబెట్టాడు. నాలుగు మ్యాచ్‌లు మిగిలుండగానే, 2025 ఏప్రిల్ 27న టాటెన్‌హామ్‌ను 5-1తో ఓడించి లివర్‌పూల్ లీగ్ గెలిచేసింది.

అమోరిమ్ ఆడించేది వెనక ముగ్గురు డిఫెండర్లతో, ఇరుపక్కలా పైకీ కిందకీ పరిగెత్తే వింగ్‌బ్యాక్‌లతో. మా జట్టేమో వెనక నలుగురితో ఆడటానికి కట్టుకున్న జట్టు. పైగా ఆయన వచ్చింది సీజన్ మధ్యలో. వారానికి రెండు మ్యాచ్‌లున్నప్పుడు కొత్త పద్ధతి నేర్పడానికి ప్రాక్టీసు రోజులే మిగలవు. 15వ స్థానంతో సీజన్ ముగిసింది, బిల్బావోలో యూరప్ క్లబ్బుల రెండో పెద్ద టోర్నీ యూరోపా లీగ్ ఫైనల్ కూడా టాటెన్‌హామ్‌కు 1-0తో పోయింది. ఇద్దరిలో ఎవరు గొప్ప కోచ్ అన్నది పక్కన పెట్టండి. ఒకరికి ఇల్లు ఇచ్చి తాళం చేతిలో పెట్టారు, ఇంకొకరికి కాపురం ఉంటున్న ఇంట్లోనే గోడలు పడగొట్టి మళ్లీ కట్టమన్నారు.

పైన ఎవరున్నారు? మేనేజర్ ఒక్కడే క్లబ్బు కాదు. ఆటగాళ్లను ఎవరు కొంటారు, ఆ కొనుగోళ్లు చూసే స్పోర్టింగ్ డైరెక్టర్ ఉన్నాడా, మేనేజర్‌తో అతనికి పొసుగుతుందా? ఫెర్గూసన్‌తో పాటే క్లబ్బు వ్యవహారాలు చూసే డేవిడ్ గిల్ కూడా 2013లోనే తప్పుకున్నారు. డేవిడ్ మోయ్స్ తొలి వేసవిలో పేరున్న కొనుగోలు ఒక్కటే: గడువు చివరి రోజున వచ్చిన ఫెల్లాయినీ. అప్పట్లో అందరం మోయ్స్‌నే తిట్టుకున్నాం. ఇప్పుడు చూస్తే సగం తప్పు ఆయన గదిలో జరగలేదు. ఉనాయ్ ఎమెరీ కథ దీనికి తిరగేసి ఉంటుంది. ఆర్సెనల్‌లో ఏడాదిన్నరకే పంపేశారు. 2022 నవంబర్‌లో ఆస్టన్ విల్లాకు వచ్చాడు. తర్వాతి వేసవిలో స్పెయిన్ క్లబ్బు సెవియాలో తనతో పాటు స్పోర్టింగ్ డైరెక్టర్‌గా పనిచేసిన మోంచీ కూడా విల్లాకు వచ్చాడు. 2023-24లో ఆ జట్టు 4వ స్థానంలో నిలిచి యూరప్ క్లబ్బుల అతిపెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌లో అడుగు పెట్టింది. మనిషి అతనే, చుట్టూ ఉన్నవాళ్లు మారారు.

ఎంతకాలం ఆగగలరు? యజమానులే కాదు, మనం కూడా. మికెల్ ఆర్టెటా కింద ఆర్సెనల్ వరసగా రెండు సీజన్లు 8వ స్థానంలో ముగించింది. 2021-22 మొదట్లో మూడు మ్యాచ్‌లు ఓడింది, ఒక్క గోల్ కొట్టలేదు. అందులో మాంచెస్టర్ సిటీ చేతిలో 5-0. చాలా క్లబ్బుల్లో అక్కడితో కథ అయిపోయేది. ఆర్సెనల్ ఆగింది. 2022-23 నుంచి వరసగా మూడేళ్లు 2వ స్థానం. అలాగని ఓపిక పడితే చాలు, ఎవరైనా పైకొస్తారని కాదు. ఓడుతున్నప్పుడు కూడా ఆట రూపు దిద్దుకుంటోందా, కుర్రాళ్లు ఎదుగుతున్నారా అన్నది చూడాలి.

ఎంత డబ్బుతో ఏం సాధించాడు? లీగ్‌లో అందరికంటే ఎక్కువ ఖర్చుపెట్టే క్లబ్బుతో గెలిచిన కప్పు ఒకటి, తక్కువ డబ్బుతో పైకి లాగిన 6వ స్థానం ఇంకొకటి. రెండోదానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. కానీ చిన్న క్లబ్బులో పని చేసిన పద్ధతి పెద్ద క్లబ్బులో పని చేస్తుందన్న హామీ లేదు. ఆ సంగతి కిందకొస్తుంది.

పరిహారం కూడా ఒక లెక్కే. వెళ్లేవాడికి మిగిలిన కాంట్రాక్టు డబ్బు, వచ్చేవాడి పాత క్లబ్బుకు విడుదల సొమ్ము, రెండూ ఆటగాళ్లను కొనాల్సిన జేబులోంచే పోతాయి. 2024 జులైలో టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించి అక్టోబర్‌లో తీసేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఒక్క చూపులో

| ఎలాంటివాడు | జట్టుకు సరిపోతాడా | ఫలితానికి పట్టే సమయం | ఖర్చు | అసలు ప్రమాదం |
|---|---|---|---|---|
| క్లబ్బు పాత హీరో | అతని పద్ధతేంటో ఎక్కువసార్లు తెలియదు | అభిమానులు ఆగుతారు | తక్కువ | ప్రేమ వల్ల నిర్ణయం ఆలస్యం |
| కప్పులు గెలిచిన పెద్ద పేరు | తనకు సరిపోయేవాళ్లను కొనమంటాడు | వెంటనే | చాలా ఎక్కువ | రెండు మూడేళ్లకు గొడవలు |
| బయటి లీగ్‌లో ఎదుగుతున్నవాడు | కుదిరితే అద్భుతం, కుదరకపోతే నరకం | ఒకటి నుంచి మూడు సీజన్లు | మధ్యస్థం, పైగా పరిహారం | లీగ్ వేగానికి అలవాటు కాకపోవడం |
| అదే లీగ్‌లో చిన్న క్లబ్బు నుంచి | లీగ్ తెలుసు, పెద్ద ఆటగాళ్లు తెలియదు | రెండు సీజన్లు | మధ్యస్థం | డ్రెస్సింగ్ రూమ్ లెక్కచేయకపోవడం |
| పెద్ద కోచ్ దగ్గర అసిస్టెంట్ | శిక్షణ బాగుంటుంది | రెండు మూడు సీజన్లు | తక్కువ | సొంతంగా నిర్ణయాలు తీసుకున్న అనుభవం లేదు |
| తాత్కాలికంగా వచ్చి గెలుస్తున్నవాడు | ఇప్పటికి సరిపోయినట్టే ఉంటుంది | వెంటనే | చాలా తక్కువ | ఊపు తగ్గాక ఏముందో తెలియదు |

పాత హీరో, తాత్కాలిక మేనేజర్: గుండె చెప్పే ఎంపికలు

ఈ రెండూ కలిపి చెప్తున్నాను, ఎందుకంటే మా క్లబ్బులో రెండూ ఒకే మనిషిలో వచ్చాయి. 2018 డిసెంబర్‌లో మౌరీన్యోను తీసేసి ఓలే గున్నార్ సోల్‌షేర్‌ను సీజన్ చివరిదాకా అని తెచ్చారు. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఆఖరి క్షణాల్లో గెలుపు గోల్ కొట్టినవాడు. అతన్ని చూస్తేనే కడుపు నిండేది.

2019 మార్చి 7 తెల్లవారుజాము నాకు బాగా గుర్తు. ఛాంపియన్స్ లీగ్‌లో పారిస్ క్లబ్బు పీఎస్‌జీతో వాళ్ల మైదానంలో రెండో మ్యాచ్, మనకు రాత్రి ఒంటిగంటన్నరకు మొదలు. సొంత మైదానంలో అప్పటికే 2-0తో ఓడాం, పదిమంది ఆటగాళ్లు గాయాలతోనో నిషేధంతోనో లేరు. విజయవాడలో మా ఇంట్లో అమ్మ లేస్తుందని టీవీ సౌండ్ మొత్తం తీసేసి, నేనూ తమ్ముడూ నేల మీద కూర్చుని చూస్తున్నాం. లుకాకు రెండు గోల్స్ కొట్టాడు. పీఎస్‌జీ ఒకటి కొట్టింది. అప్పట్లో రెండు మ్యాచ్‌ల గోల్స్ సమమైతే బయటి మైదానంలో ఎక్కువ కొట్టిన జట్టే ముందుకెళ్లేది, కాబట్టి ఇంకొక్కటి కావాలి. అదనపు సమయంలో డాలో కొట్టిన బంతి కింపెంబే చేతికి తగిలింది, రెఫరీ వెళ్లి స్క్రీన్ చూస్తున్నాడు. ఆ నిమిషం సేపు ఫ్రిజ్ మోత తప్ప ఇంట్లో చప్పుడు లేదు. పెనాల్టీ ఇచ్చారు. రాష్‌ఫోర్డ్ కొట్టాడు. తమ్ముడు దిండు నోటికి అదుముకుని అరిచాడు. మూడున్నరకి గ్రూపులో అందరూ ఒకటే మాట: ఓలేకి కాంట్రాక్టు ఇచ్చేయండి. నేనూ అదే రాశాను.

మార్చి 28న మూడేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. అప్పటికి 19 మ్యాచ్‌లలో 14 గెలిచాడు. ఆ తర్వాత సీజన్‌లో మిగిలిన పది మ్యాచ్‌లలో గెలిచింది రెండే. ఎవర్టన్ 4-0తో కొట్టింది. అప్పటికే లీగ్ నుంచి జారిపోయిన కార్డిఫ్ చివరి రోజున మా మైదానానికే వచ్చి 2-0తో గెలిచి వెళ్లింది. సోల్‌షేర్‌ను తక్కువ చేయడం లేదు. తర్వాత ఒకసారి 3వ స్థానం, ఒకసారి 2వ స్థానం తెచ్చాడు, కుర్రాళ్లకు అవకాశమిచ్చాడు. కానీ 2021 నవంబర్‌లో వాట్‌ఫర్డ్‌లో 4-1తో ఓడేదాకా తీసేయలేకపోయారు. వేరేవాడైతే అంత దూరం వచ్చేది కాదు.

చెల్సీలోనూ ఇదే చూశాం. 2012 మార్చిలో తాత్కాలికంగా వచ్చిన పాత ఆటగాడు డి మాటెయో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్, ఛాంపియన్స్ లీగ్ రెండూ గెలిచాడు. శాశ్వతం చేశారు, నవంబర్ దాటలేదు. 2021 జనవరిలో క్లబ్బు పాత హీరో లాంపార్డ్‌ను తీసేసి టూకెల్‌ను తెచ్చినప్పుడు అభిమానుల మనసు విరిగింది. మే నెలలో పోర్టోలో అదే జట్టు యూరప్ ఛాంపియన్ అయింది.

పాత హీరోలు పనికిరారని తీర్పు చెప్పలేం. గార్డియోలా బార్సిలోనా బి జట్టును, జిదాన్ రియల్ మాడ్రిడ్ రెండో జట్టును నడిపి, క్లబ్బు లోపలే కోచ్ పని నేర్చుకుని పైకొచ్చారు. జిదాన్ వరసగా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచాడు. కోచ్‌గా ఒక్క మ్యాచ్ కూడా నడపని తన పాత ఆటగాడు పిర్లోకు యువెంటస్ 2020లో నేరుగా పగ్గాలిచ్చింది, ఒక్క సీజన్‌తో ముగిసింది. కాబట్టి హీరో పేరు వినగానే అడగాల్సింది: ఆడటం మానేశాక ఎక్కడ, ఎవరికి, ఎన్నాళ్లు కోచింగ్ ఇచ్చాడు?

తాత్కాలిక మేనేజర్ విషయంలో నా సలహా ఒక్కటే. ఎంత గెలుస్తున్నా సీజన్ ముగిసేదాకా కాంట్రాక్టు కాగితం బయటికి తీయకూడదు.

పెద్ద పేరు

యునైటెడ్‌లో మౌరీన్యో మొదటి సీజన్‌లోనే యూరోపా లీగ్, లీగ్ కప్ తెచ్చాడు. రెండో ఏడాది 81 పాయింట్లతో 2వ స్థానం, సిటీ మాత్రం 100 పాయింట్లతో ఎక్కడో ఉంది. మూడో ఏడాది డిసెంబర్‌కి ఆటగాళ్లతో, బోర్డుతో మాటల్లేని స్థితి. వాన్ గాల్ 2016లో ఎఫ్ఏ కప్ గెలిచాడు, రెండు రోజులకే పంపేశారు. పెద్ద పేరుతో వచ్చే చిక్కు ఇదే. కప్పు వస్తుంది, వెళ్లేటప్పుడు వయసు మీరిన, జీతం పెరిగిన ఆటగాళ్లు మిగులుతారు. తర్వాతివాడు ఆ జట్టుతోనే మొదలుపెట్టాలి.

ఈ కోవలో ఆన్చెలొట్టీ వేరు. 2021లో రియల్‌కు తిరిగొచ్చి 2022లో, 2024లో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. ఉన్న ఆటగాళ్లకు తగ్గట్టు తన పద్ధతిని మార్చుకునే మనిషి. పెద్ద పేరే కావాలనుకుంటే అలాంటి స్వభావం ఉన్నవాణ్నే వెతకాలి.

బయటి లీగ్‌లో ఎదుగుతున్నవాడు

స్లాట్, అమోరిమ్ గురించి పైన చెప్పుకున్నాం. 2024 జనవరిలో క్లాప్ వెళ్తున్నానని చెప్పినప్పుడు లివర్‌పూల్ అభిమానుల్లో ఎక్కువగా వినిపించింది జాబి అలోన్సో పేరు. పాత ఆటగాడు, లెవర్‌కుసెన్‌ను ఒక్క ఓటమి లేకుండా జర్మనీ లీగ్ బుండెస్‌లిగా విజేతగా నిలిపే దారిలో ఉన్నాడు. మార్చి చివర్లో అతను అక్కడే ఉంటానన్నాడు. అభిమానుల మొదటి కోరిక కాని మనిషి వచ్చి మొదటి ఏడాదే లీగ్ గెలిచాడు.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతీ ఇంతే. 2020 ఆగస్టులో ఆల్బర్ట్ రోకా బార్సిలోనాకు వెళ్లిపోయాడు, సీజన్ దగ్గర పడింది. మనోలో మార్కెజ్ వచ్చాడు. లాస్ పాల్మాస్ క్లబ్బును కొన్నాళ్లు స్పెయిన్ పెద్ద లీగ్ లా లిగాలో నడిపిన స్పెయిన్ కోచ్, మనవాళ్లలో చాలామంది వినని పేరు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. మొదటి ఏడాది 5వ స్థానం, రెండో ఏడాది ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ట్రోఫీ. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీ షూటౌట్‌లో గెలిచాం. చేతిలో ఉన్న కుర్రాళ్లను చూసి వాళ్లకు తగిన ఆట ఆడించడమే అక్కడ జరిగింది.

ఇలాంటి కోచ్ పేరు వచ్చినప్పుడు హైలైట్స్ కాకుండా రెండు పూర్తి మ్యాచ్‌లు చూడండి, అందులో ఒకటి ఓడిన మ్యాచ్ అయ్యుండాలి. వెనకబడ్డాక ఏం మారుస్తాడో అక్కడే తెలుస్తుంది.

అదే లీగ్‌లో చిన్న క్లబ్బు నుంచి

మోయ్స్ ఎవర్టన్‌లో పదకొండేళ్లు తక్కువ డబ్బుతో బాగా నడిపాడు. యునైటెడ్ ఆరేళ్ల కాంట్రాక్టు ఇచ్చి పది నెలలకే తీసేసింది. గ్రాహమ్ పాటర్ బ్రైటన్‌ను 9వ స్థానానికి తెచ్చాడు, చెల్సీలో ఏడు నెలలు కూడా నిలవలేదు. చిన్న క్లబ్బులో డ్రా అయితే చప్పట్లు కొడతారు, పెద్ద క్లబ్బులో అదే డ్రాకు ఈలలు వేస్తారు. ఆ తేడాను తట్టుకోగలడా అన్నది వచ్చాకే తెలుస్తుంది. అసిస్టెంట్‌ను తెచ్చుకునేటప్పుడూ ఇదే గుబులు. గార్డియోలా పక్కన కూర్చున్న ఆర్టెటా గట్టెక్కాడంటే ఆర్సెనల్ రెండేళ్లు కాచుకోవడం వల్లే.

మీ పరిస్థితి ఏంటి?

మీ క్లబ్బు రెలిగేషన్ అంచున, అంటే కింది లీగ్‌కు జారిపోయేలా ఉంటే, అందమైన ఆట గురించి ఈ ఏడాదికి మర్చిపోండి. డిఫెన్స్ బిగించేవాడే కావాలి, అదీ జనవరి ముగిసేలోపే. ఎవర్టన్ 2023 జనవరిలో షాన్ డైచ్‌ను తెచ్చుకుని చివరి రోజున బోర్న్‌మత్‌ను 1-0తో ఓడించి బయటపడింది. అదే ఏడాది లీడ్స్ మే నెలలో, నాలుగు మ్యాచ్‌లు మిగిలాక అలర్డైస్‌ను పిలిచింది. అప్పటికే ఆలస్యమైపోయింది, జట్టు కిందకి పోయింది.

జట్టు బాగుండి, మేనేజర్ తనంతట తాను వెళ్లిపోతే, ఉన్న పద్ధతికి దగ్గరగా ఆడించేవాణ్ని తెచ్చుకోండి. పేరు తెలియకపోయినా పర్లేదు.

జట్టు చెదిరిపోయి మళ్లీ కట్టాల్సి వస్తే ముందు స్పోర్టింగ్ డైరెక్టర్, తర్వాత మేనేజర్. వచ్చేవాణ్ని వేసవిలోనే తేవాలి. సీజన్ మధ్యలో పునాదులు తవ్వితే ఏమవుతుందో మేం చూశాం.

ఇక ఈ ఏడాదే కప్పు చూడాలనుకునేవాళ్లు ఉంటారు. నాన్నతో కలిసి ఒక్క ట్రోఫీ చూడాలనుకునే స్నేహితుడు నాకున్నాడు, ఆ కోరికలో తప్పేం లేదు. వాళ్లకు పెద్ద పేరే సరైన ఎంపిక. కాకపోతే మూడో ఏడాది ఖర్చు ఇప్పుడే ఒప్పుకోవాలి.

నా వరకైతే యునైటెడ్‌కు నేను కోరుకునేది వేసవిలో వచ్చే, నలభై దాటని, వెనక నలుగురితో ఆడించే, ఉన్న కుర్రాళ్లను బాగుచేసే కోచ్‌ను. పేరు ఏదైనా ఫర్వాలేదు. ఈసారి గ్రూపులో ఎవరైనా కొత్త పేరు పంపిస్తే నేను వెంటనే అడిగేది ఒక్కటే: మన లెఫ్ట్‌బ్యాక్‌ను ఇతను ఎక్కడ ఆడిస్తాడు? జవాబు చెప్పగలిగినవాడితో తెల్లారేదాకా మాట్లాడతాను.